బొడ్డుపేగు చెప్పిన సాక్ష్యం

మన ఊళ్లల్ల పురుగుల మందుకు ఇప్పటికీ ఒకటే పేరు, ఎండ్రిన్. డబ్బా మీద ఏ కంపెనీ బొమ్మ ఉన్నా, లోపల ఏ రసాయనం ఉన్నా "ఎండ్రిన్ తాగిండు" అన్నారంటే ఆ ఇంట్ల చావు జరిగినట్టే. అసలు ఎండ్రిన్ అనే మందును మన దేశంలో 1990లోనే నిషేధించారు. మందు పోయింది, పేరు మిగిలింది. నల్లులకు చల్లిన గమాక్సిన్ పొడి, మలేరియా సిబ్బంది గోడలకు కొట్టిపోయిన డీడీటీ కూడా ఇట్లాగే మన మాటల్లో కలిసిపోయాయి.

2001 మే నెలలో స్టాక్‌హోంలో ప్రపంచ దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. తయారీ ఆపాల్సినవి, వాడకం తగ్గించాల్సినవి అని మొదట 12 రసాయనాల జాబితా రాశారు. అందులో ఎండ్రిన్ ఉంది, డీడీటీ ఉంది. గమాక్సిన్ పొడిలో ఉండే లిండేన్‌ను 2009లో కలిపారు. పురుగును చంపే మందులు వేలల్లో ఉండగా వీటినే ఎందుకు ఎంచారు? ఇవి తొందరగా విరగవు. మట్టిలో, చెరువు ఒండ్రులో ఏళ్ల తరబడి ఉంటాయి. నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. గడ్డి నుంచి బర్రెకు, బర్రె నుంచి పాలకు, నాచు నుంచి చేపకు, చేప నుంచి మనిషికి పోతూ పోతూ చిక్కబడతాయి. మనిషి దగ్గరికి వచ్చాక కూడా ఆగవు. తల్లి కొవ్వులో దాగి ఉన్నది కడుపులో బిడ్డకు పోతుంది. మేము మాట్లాడదలుచుకున్నది ఈ చివరి మజిలీ గురించే. మన ఉద్యమాలు భూమిని, నీళ్లను లెక్క గట్టాయి. కడుపులో బిడ్డకు అందిన విషాన్ని మాత్రం ఎవరూ పట్టికలో రాయలేదు.

తల్లి కడుపు గట్టి కోట అని, మాయ దాటి విషం లోపలికి పోదని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. ఆ నమ్మకాన్ని జపాన్‌లోని మినమాట అనే చేపల రేవు పగలగొట్టింది. అక్కడ చిస్సో కంపెనీ తన రసాయనాల ఫ్యాక్టరీ నుంచి పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రపు కాలువలోకి వదిలింది. ముందు పిల్లులు పిచ్చెత్తి ఎగిరి చచ్చాయి. తర్వాత మనుషులకు చేతులు వణికాయి, మాట తడబడింది, చూపు పోయింది. 1956 మే 1న ఈ జబ్బు అధికారికంగా నమోదైంది. చేపలు తిన్నవాళ్లకు జబ్బు వచ్చిందంటే అర్థం చేసుకోవచ్చు. కానీ అదే పల్లెల్లో పుట్టిన పసిపిల్లలు చేప ముక్క నోట్లో పెట్టకముందే మెడ నిలపలేక, చేతులు కాళ్లు వంకర్లు తిరిగి ఉన్నారు. వాళ్ల తల్లులు చూడటానికి మామూలుగానే ఉన్నారు. ఇదేదో పుట్టుకతో వచ్చిన పక్షవాతమని, పాదరసానికి సంబంధం లేదని చాలాకాలం తోసిపుచ్చారు. తాము తిన్న విషాన్ని కడుపులో బిడ్డ తీసుకుందని తల్లులే ముందు అనుమానించారు. వాళ్ల మాట వినడానికి వైద్యశాస్త్రానికి సమయం పట్టింది. 1962లో గానీ అది గర్భంలోనే సోకిన మినమాట జబ్బు అని ఒప్పుకోలేదు.

రుజువు ఎట్లా దొరికిందో తెలుసుకోవాలి. బిడ్డ బొడ్డుపేగు ముక్కను ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకోవడం జపాన్‌లో పాత ఆచారం. కుమమోటో విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ హరాడా మసజుమి ఇల్లిల్లూ తిరిగి ఆ పేగు ముక్కలను సేకరించాడు. పరీక్షిస్తే వాటిలో మిథైల్ పాదరసం బయటపడింది. ఫ్యాక్టరీలో ఉత్పత్తి పెరిగిన సంవత్సరాల్లో పుట్టిన పిల్లల పేగుల్లో అది ఎక్కువగా కనిపించింది. కంపెనీ రికార్డులు దాచుకోవచ్చు, ప్రభుత్వం కమిటీల మీద కమిటీలు వేయవచ్చు. తల్లులు ప్రేమతో దాచుకున్న పేగుముక్క మాత్రం అబద్ధం చెప్పలేదు. జపాన్ ప్రభుత్వం కంపెనీదే తప్పు అని ఒప్పుకున్నది 1968 సెప్టెంబర్‌లో. జబ్బు నమోదైన పన్నెండేళ్లకు!

పాదరసం కంటే మొండివి ఇంకా ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్లలో నూనెగా వాడిన పీసీబీలు 1979లో తైవాన్‌లో తవుడు నూనెలో కలిశాయి. సుమారు రెండు వేల మంది ఆ నూనెతో వండుకొని తిన్నారు. తర్వాత ఆ తల్లులకు పుట్టిన పిల్లల్లో కొందరు నల్లబారిన చర్మంతో, తక్కువ బరువుతో పుట్టారు. బడికి పోయే వయసుకు చదువులో, తెలివిలో వెనకబడ్డారు. నూనె తిన్న ఏడాదికి పుట్టిన బిడ్డకూ, ఆరేళ్లకు పుట్టిన బిడ్డకూ నష్టంలో పెద్ద తేడా కనిపించలేదు. అంటే నెల తప్పిన తర్వాత జాగ్రత్త పడదాం అంటే కుదరదు. పెండ్లి కాకముందు, పదిహేనేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒంట్లో చేరింది కూడా కాన్పు నాటికి లెక్కలోకి వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, గద్వాల దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఇవి ఘోర ప్రమాదాలు, రోజూ జరిగేవి కావు అనే వాళ్లున్నారు. వాళ్లకు జవాబు ఫారో దీవుల నుంచి వచ్చింది. అక్కడ తిమింగలం మాంసం తినే అలవాటు ఉంది. 1986-87లో పుట్టిన 1,022 మంది పిల్లల బొడ్డు రక్తంలో పాదరసం కొలిచి, ఏడేళ్ల వయసులో వాళ్లను పరీక్షించారు. మినమాట పిల్లల్లా ఎవరూ మంచాన పడలేదు. కానీ బొడ్డు రక్తంలో పాదరసం ఎక్కువున్న పిల్లలు మాటలో, ఏకాగ్రతలో, జ్ఞాపకంలో వెనకబడ్డారు. ఇక డీడీటీ సంగతి. 1959-66 మధ్య అమెరికాలో గర్భిణుల నుంచి తీసి దాచిన రక్తాన్ని పరిశోధకులు దశాబ్దాల తర్వాత పరీక్షించారు. 2,380 మంది పిల్లల లెక్క చూస్తే, తల్లి రక్తంలో డీడీటీ అవశేషం పెరిగిన కొద్దీ నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ పిల్లలు పెరిగినట్టు తేలింది. 2001లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మన దవాఖానాల్లో రెండు కిలోల బిడ్డ పుడితే "తల్లికి రక్తం తక్కువుంది, తిండి సరిగా తినలేదు" అంటారు. అది చాలాసార్లు నిజమే. కానీ అదొక్కటే నిజమా?

ఇప్పుడు మన పొరుగున ఉన్న కాసర్‌గోడ్‌కు వద్దాం. కేరళకు ఉత్తరాన, కర్ణాటకను ఆనుకొని ఉన్న జిల్లా అది. అక్కడి గుట్టల మీద ప్రభుత్వ సంస్థ అయిన ప్లాంటేషన్ కార్పొరేషన్‌కు సుమారు నాలుగున్నర వేల హెక్టార్ల జీడిమామిడి తోటలున్నాయి. పూత మీద వాలే ఒక దోమ కోసం 1970ల చివరి నుంచి 2000 దాకా ఏటా హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటలు గుట్టల పైన, మనుషుల ఇండ్లు గుట్టల కింద. అక్కడి వాళ్లకు నీళ్లంటే గుట్టలోకి తొలిచిన సొరంగాల నుంచి వచ్చే ఊట, లేదా మూత లేని బావి. చల్లే రోజు బావుల మీద మూతలు వేసుకోండని చెప్పేవారట. వాగు మీద మూత ఎట్లా వేస్తారు? చెట్ల మీద, కట్టెల మోపు మోసుకొచ్చే ఆడామె తల మీద ఏం మూత వేస్తారు?

మొదట లేగదూడలు కాళ్లు వంకర్లు పోయి పుట్టాయి. ఆ సంగతిని శ్రీ పడ్రె అనే రైతు-పాత్రికేయుడు 1979లోనే రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. పడ్రె గ్రామంలో ప్రాక్టీసు చేసే డాక్టర్ మోహన్ కుమార్‌కు తన దగ్గరికొచ్చే రోగుల్లో మూర్ఛలు, మతిస్థిమితం లేని పిల్లలు, పుట్టు లోపాలు, క్యాన్సర్లు లెక్కకు మించి కనిపించాయి. ఊరి జనం దాన్ని జటాధారి దేవుడి శాపం అనుకున్నారు. పైన ఎగిరేది హెలికాప్టర్ అయినా శాపం పెట్టింది దేవుడే అనుకోవాల్సి రావడం కంటే దౌర్భాగ్యం ఉంటుందా? లీలాకుమారి అమ్మ అనే వ్యవసాయ శాఖ చిరుద్యోగి 1998లో హోస్‌దుర్గ్ మున్సిఫ్ కోర్టుకు పోయింది. ప్రభుత్వ ఉద్యోగి అయి ఉండి ప్రభుత్వ సంస్థ మీద దావా వేసింది. 2000లో ఆ చిన్న కోర్టే ఆకాశం నుంచి చల్లడాన్ని ఆపింది. పెద్ద పెద్ద శాస్త్ర సంస్థలు, మంత్రిత్వ శాఖలు ఇరవై ఏళ్లు చేయని పని అది. మా ఉద్యోగ మిత్రులు ఈ పేరును గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాం.

ఆ తర్వాత అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వచ్చి, పడ్రె పిల్లలను, మందు చల్లని మరో ఊరి పిల్లలను పోల్చి చూసింది. చివరిసారి చల్లి నెలలు గడిచాక కూడా పడ్రె పిల్లల రక్తంలో ఎండోసల్ఫాన్ ఉంది. పుట్టు లోపాలు, చదువులో వెనకబాటు ఎక్కువగా ఉన్నాయి. 10 నుంచి 19 ఏళ్ల మగపిల్లల్లో, అక్కడ 117 మందిని, ఇక్కడ 90 మందిని పరీక్షిస్తే, ఈడేరడం ఆలస్యమవుతున్నట్టు తేలి 2003లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది.

దీని మీద వాదం కూడా నడిచింది, దాచాల్సిన పని లేదు. లంకె రుజువు కాలేదని కేంద్రం వేసిన కమిటీ చెప్పింది. సర్వేల్లో లోపాలున్నాయని కొందరు శాస్త్రవేత్తలు ఈ మధ్య దాకా రాశారు. ఒక ఫలానా బిడ్డను చూపించి ఈ వైకల్యం ఫలానా మందు వల్లనే అని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడన్న మాట కూడా నిజమే. పుట్టు లోపాలకు కారణాలు చాలా ఉంటాయి. మేనరికం ఉంది, ఫోలిక్ ఆమ్లం లోపం ఉంది, గర్భంలో సోకే జబ్బులున్నాయి. కానీ ఈ నిజాన్ని ఎవరు ఎట్లా వాడుకుంటున్నారో చూడాలి. మన దగ్గర లోపంతో బిడ్డ పుడితే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "మేనరికమా?" అని. మంచిదే, అడగాలి. కానీ రెండో ప్రశ్న ఏదీ? మీ ఇల్లు చేనుకు ఎంత దూరం, మూడో నెలలో మందు కలిపినవా, తాగే నీళ్లు ఎక్కడివి అని అడిగేది ఎవరు? అడగనిది కాగితం మీదికి రాదు. కాగితం మీద లేనిదానికి రుజువు లేదంటారు. రుజువు లేదు కాబట్టి అమ్మకం సాగుతుంది. రుజువు చేయాల్సిన బరువు మందు అమ్ముకున్నోడి మీద ఉండాలి గానీ, చంకలో బిడ్డను ఎత్తుకొని తిరిగే తల్లి మీద కాదన్నదే మా వాదన.

ఎండోసల్ఫాన్‌ను ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తయారు చేసింది, వాడింది మనమే. తయారు చేసిన కంపెనీల్లో కేంద్ర ప్రభుత్వానిది కూడా ఉంది. అందుకే 2011 ఏప్రిల్‌లో జెనీవాలో దాన్ని నిషేధిత జాబితాలో చేర్చాలన్నప్పుడు మన దేశ ప్రతినిధులు అడ్డం పడ్డారు. ఇక్కడ కేరళ ముఖ్యమంత్రి అచ్యుతానందన్ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. చివరికి కొన్ని పంటలకు గడువు మినహాయింపులు రాయించుకొని భారత్ తలొగ్గింది. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా తయారీ, అమ్మకం, వాడకం ఆపింది. 2017 జనవరిలో బాధితులకు మూడు నెలల్లో తలా ఐదు లక్షలు ఇవ్వాలని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఐదేళ్లు గడిచాక, 2022 మేలో లెక్క తీస్తే 3,704 మంది బాధితుల్లో కోర్టు మెట్లెక్కిన ఎనిమిది మందికే డబ్బులు అందాయని తేలి అదే కోర్టు మండిపడింది. చైతన్యవంతమైన రాష్ట్రమని పేరున్న కేరళ సంగతి ఇది.

మరి మన సంగతి? జెనీవాలో అడిగిన మినహాయింపుల్లో పత్తి కూడా ఉంది. కాసర్‌గోడ్‌లో హెలికాప్టర్ చల్లిన ఎండోసల్ఫాన్‌నే వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నల్గొండ పత్తి చేలల్లో వీపు మీది పంపుతో మనం చల్లుకున్నాం. 1997-98లో వరంగల్ జిల్లాలో కాయతొలుచు పురుగు దేనికీ చావక, అప్పులపాలైన రైతులు అదే మందు తాగి చచ్చారు. ఆ చావులను లెక్కబెట్టారు. ఆ రెండు మూడేండ్లలో పత్తి చేలల్లో కలుపు తీస్తూ, పత్తి ఏరుతూ, డ్రమ్ముల్లో మందు కలుపుతూ కడుపు మోసిన తల్లుల కాన్పులను ఎవరైనా లెక్కబెట్టారా? ఎన్ని గర్భాలు పోయాయి, ఎంతమంది పిల్లలు రెండు కిలోలకు తక్కువ పుట్టారు? పాలమూరు జిల్లా గద్వాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో ఏళ్ల తరబడి చిన్న ఆడపిల్లలతో క్రాసింగ్ పనులు చేయించారు. మందు తడి ఆరని పూలను చేతులతో విప్పి పుప్పొడి రుద్దిన ఆ పిల్లలు ఇయ్యాల తల్లులు. ఎండోసల్ఫాన్ డీడీటీలాగా ఏండ్ల తరబడి ఒంట్లో నిలవదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఏటా అదే చేను, అదే గాలి, అదే నీళ్లు అయినప్పుడు ఒంట్లోంచి పోయేదెప్పుడు?

పటాన్‌చెరు గురించి ఒక మాట. 1970ల నుంచి పెరిగిన ఆ పారిశ్రామికవాడ నక్కవాగును ఏం చేసిందో తెలంగాణ ఉద్యమం చదివిన ప్రతి విద్యార్థికి తెలుసు. కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది, 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు దొరికింది. శుద్ధి చేసిన నీళ్లలో! గోళీ మింగిన రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. అప్పుడు పరాయి పాలకులని తిట్టుకున్నాం, తప్పు కాదు. 2014 జూన్ 2 తర్వాత పాలకులు మనోళ్లే. వాగు పక్క ఊళ్ల కాన్పుల రికార్డు అడిగితే ఇవ్వడానికి ఇప్పుడు ఏ అడ్డం ఉంది?

ఈ మాటలు రైతు మీద నింద కాదని చెప్పడం అవసరం. మందు కొట్టే రైతు, ఆయన భార్య ఈ విషానికి మొదటి బాధితులు. మందు లేకుండా ఎవుసం నడవదని దుకాణం వాడే చెప్తాడు, వ్యవసాయాధికారి కూడా చాలాసార్లు అదే చెప్తాడు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో మందుల అప్పులతో విసిగిన రైతులు 2000 తర్వాతి సంవత్సరాల్లో మొత్తానికే మానేశారు. వేపగింజల కషాయం, మిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, చేను చుట్టూ ఆముదం. పత్తి పండింది, ఖర్చు తగ్గింది. జనగామ దగ్గర ఏనెబావి ఊరు ఊరంతా అదే బాట పట్టింది. ఇవి చిన్న ఊళ్లు. రాష్ట్రమంతా రేపే ఇట్లా మారుతుందని మేము అనడం లేదు. కానీ అసాధ్యం అన్న మాట మాత్రం చెల్లదు.

ఇంకో జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. తల్లిపాలలో డీడీటీ అవశేషాలు దొరికాయని మన దేశంలోనూ పరిశోధనలు చెప్పాయి. అది చూసి ఏ తల్లీ బిడ్డకు పాలు మాన్పించొద్దు. ముర్రుపాలు, ఆరు నెలల పాటు తల్లిపాలే బిడ్డకు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. డబ్బా పాలవాళ్లకు ఈ వ్యాసం వ్యాపారం కాకూడదు. శుభ్రం చేయాల్సింది తల్లి తినే తిండిని, తాగే నీళ్లను.

మరి చేయాల్సింది ఏమిటి? కొత్త వ్యవస్థలేవీ అక్కర్లేదు, ఉన్నవాటినే కదిలించాలి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ దవాఖానాలో పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టు లోపాలు చూడాలి. ఆ లెక్కను మండలం వారీగా, ఊరి వారీగా బయటపెట్టాలి. పత్తి మండలం, ఫ్యాక్టరీ మండలం, మామూలు మండలం అని పక్కపక్కన పెట్టి చూస్తే డిగ్రీ చదివే పిల్లలకు కూడా తేడా ఉందో లేదో అర్థమవుతుంది. మాతాశిశు కార్డులో బరువు, రక్తం, సూదుల గడులతో పాటు పురుగుమందుకు, నీళ్లకు ఒక గడి పెట్టాలి. వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రుల్లో ఏటా కొన్ని వందల కాన్పులకైనా బొడ్డు రక్తం తీసి దాచి పరీక్షించాలి. మినమాట తల్లులు చెక్క పెట్టెల్లో చేసిన పనిని మన వైద్య కళాశాలలు ఫ్రిజ్‌లలో చేయలేవా?

అన్నిటికంటే ముఖ్యమైనది కూలి. 2017 చట్ట సవరణతో ఉద్యోగినికి 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. అది పోరాడి తెచ్చుకున్న హక్కు. పత్తి చేనులో పనిచేసే ఆడబిడ్డకు ఆ సెలవు లేదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికి తక్కువలో తక్కువ 6,000 రూపాయలు ఇవ్వాలని రాసింది. ఆ డబ్బుతో ఎన్ని రోజుల కూలి మానగలదో ఎవరింట్ల వాళ్లు లెక్కేసుకోండి. మందు కొట్టే సీజన్లో చేనుకు దూరంగా ఉండమని ఆమెకు చెప్పడం సులువు. ఆ రోజుల కూలి ఎవరిస్తారో చెప్పకుండా ఆ సలహా ఇవ్వడం ఆమెను ఎగతాళి చేయడమే. ఉద్యోగ సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో ఈ ఒక్కటి కూడా రాయాలి.

ఇంతలో ఆకాశం నుంచి చల్లడం మళ్లీ వచ్చింది. ఈసారి హెలికాప్టర్ కాదు, డ్రోన్. 2023 నవంబర్‌లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం పెట్టి 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్నది. వీపు మీద పంపు మోసే బాధ తప్పుతుంది, కాదనలేం. కానీ డ్రోన్ నడిపే అక్క కడుపుతో ఉంటే ఏం చేయాలి, పక్క చేనులో కలుపు తీసే ఆమెకు ముందు రోజు కబురు ఎవరు పెట్టాలి, అంగన్‌వాడీకి ఎంత దూరంలో ఆపాలి? డ్రోన్ మీ ఊరికి వచ్చిన రోజే గ్రామసభలో ఈ మూడూ అడిగి, జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి.